సంక్రాంతి సెలవులైపోయినాయి, మావాడు బడికి కదలడంలేదు

సుంకేసుల_గాలి · సోమవారం రాత్రి
మావాడు రెండో తరగతి, కర్నూల్లోనే ప్రైవేటు బడి. పండక్కి మా అమ్మగారి ఊరికి పోయినాం, ప్యాపిలి దగ్గర. అక్కడ వాడు ఆడిందే ఆట. పొద్దు మునిగేదాకా గాలిపటాలు, రాత్రి పదకొండు దాకా మా అవ్వ పక్కన కతలు, పొద్దున ఎనిమిదికో తొమ్మిదికో లేసేది. ఇప్పుడు బడి తెరిచినారు. ఆరున్నరకు లేపితే కండ్లు తెరవడు. కూర్చోబెడితే అట్లే పక్కకు ఒరుగుతాడు. బ్రష్షు చేతికిస్తే కడుపునొప్పి అంటాడు. ఆటో వచ్చి హారన్ కొట్టేసరికి ఏడుపు. ఈపొద్దు ఆటో అన్న పాపం చానాసేపు ఆగినాడు. లోపలున్న పిల్లోల్లు కూడా వీన్ని చూసి ముక్కులు చీదడం మొదలుపెట్టినారు.

దానికి తోడు సెలవుల హోంవర్కు. ఎక్కాలన్నీ ఐదేసి సార్లు, గుణింతాలు మొత్తం, ఇంగ్లీషు కాపీ రైటింగ్ పుస్తకం నిండా. సగం రాసినాడు. మిగతాది రాయలేదని మొదటి రోజే క్లాసు బయట నిలబెట్టినారంట. అది విన్నకాడ్నుంచి నా మనసు మనసులో లేదు. వానికి బడంటే ఇష్టమే, డిసెంబర్లో ఉరుక్కుంటా పోయేటోడు. మీ ఇండ్లల్లో ఎట్లుంది? ఏం చేస్తే దారికొస్తారు?

ఉగ్గాని_బజ్జి
మా అన్న కూతురు "కనుమ అయినంక ముక్కనుమ, ముక్కనుమ అయినంక ఏం పండగ?" అని అడుగుతాంది. బడి అని చెప్తే నమ్మడంలేదు.

ఏడురోడ్లు
లేసే టైము పక్కనబెట్టి పండుకునే టైము చూడండి. పదకొండుకు పండుకున్నోన్ని ఆరున్నరకు లేపితే ఏడవక ఏం చేస్తాడు? ఆరు నుంచి పన్నెండేండ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్తారు. ఆరున్నరకు లేవాలంటే తొమ్మిదికల్లా కండ్లు మూయాల. అట్లని ఒక్కసారే తొమ్మిదికి పండబెట్టినా నిద్ర రాదు, దొర్లుతా ఉంటారు. మేమైతే దినాం పావుగంట ముందుకు జరుపుతాం. కడపలో మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఇట్లే చేసి గట్టెక్కినారు.

జొన్నరొట్టె
ఏడురోడ్లు అన్నా, పావుగంట లెక్కన జరిపితే పదకొండు నుంచి తొమ్మిదికి రావడానికి ఎనిమిది దినాలు పడుతుంది. అది సెలవులు ఉన్నప్పుడే మొదలుపెట్టే పని. బడి తెరిచినాక అంత తీరిక ఎక్కడిది?

మా అనంతపురంలో నేను చేసేది వేరే. ఎంత ఏడ్చినా పొద్దున అదే టైముకు లేపుతా. సాయంత్రం బడి నుంచి వచ్చినాక నిద్రపోనీయను, వీధిలోకి తోలుతా. బాగా ఆడితే రెండు మూడు రోజులకల్లా రాత్రి ఎనిమిదిన్నరకే అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని తూగుతారు. ఇంకోటి వెలుతురు. జనవరిలో మనకు పొద్దు పొడిచేదే ఏడుకు కొంచెం ముందు. ఆరున్నరకు ఇల్లంతా చీకటి, బయట చలి, పిల్లోనికి అది ఇంకా రాత్రే. లేపిన వెంటనే లైట్లన్నీ వేయండి, ఎండ పడంగానే మిద్దె మీదికి తీసుకపోయి అక్కడే పండ్లు తోమించండి. పొద్దుటి వెలుతురు కండ్లకు తగిలితే రాత్రి నిద్ర కూడా ముందే వస్తుంది. ఉడుకునీళ్లు లేపకముందే కాచి పెట్టుకోండి. చన్నీళ్లతో మొహం కడిగితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు.

ఏడురోడ్లు
ఎండ మాట ఒప్పుకుంటా. ఫోను సంగతి కూడా చెప్పక్కా. సెలవుల్లో మామల ఫోన్లన్నీ పిల్లోల్ల చేతుల్లోనే.

జొన్నరొట్టె
ఫోనైతే అన్నం తినేముందే బీరువాలోకి పోతాది మా ఇంట్లో. నాది కూడా.

పెన్నా_గట్టు
ప్రొద్దుటూరు వైపు పంచాయతీ బళ్లలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనాను. ఏడ్చినాడని ఒకరోజు ఇంట్లో పెట్టుకుంటే మర్నాడు ఏడుపు రెండింతలు అవుతుంది. అమ్మ మెత్తబడింది అనేది పిల్లలకు మనకంటే ముందే తెలుస్తుంది. గేటు దగ్గర వదిలిపెట్టి, ఒక్క మాట చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలమ్మా. కిటికీలోంచి తొంగిచూసే తల్లుల వల్లే సగం ఏడుపులు. హోంవర్కు రాయకపోతే అడగడం కూడా టీచరు ధర్మం. సెలవుల్లో పుస్తకం ముట్టని పిల్ల ఎక్కాలు సగం మర్చిపోయి వస్తుంది, నేను ప్రతి జనవరీ చూసినదే.

తాడిపత్రి_తల్లి
సార్, అడగడం వేరు, బయట నిలబెట్టడం వేరు. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ చూడండి. కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. ఇంక కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి దాకా అసలు హోంవర్కే వద్దని ఉంది. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదు. ఈమె కొడుకు రెండో తరగతి. కాపీ పుస్తకం నిండా రాయమని ఏ లెక్కన ఇచ్చినారు?

పెన్నా_గట్టు
పాలసీ నాకూ తెలుసు తల్లీ. ఆ కాగితం రాసినోళ్లు ఒకసారి వచ్చి జనవరిలో రెండో తరగతికి తీసివేతలు చెప్పాల. రోజుకు పది నిమిషాలు చదివించడం శిక్ష కాదు.

తాడిపత్రి_తల్లి
రోజుకు పది నిమిషాలు ఇచ్చుంటే నేనే చప్పట్లు కొట్టేదాన్ని. అవ్వ చెప్పిన కత ఒకటి రాసుకరండి, పండక్కి మీ ఊర్లో ఏమేం వండినారో పేర్లు రాయండి, చేన్లో ఏ పంట ఉందో అడిగి బొమ్మ గీయండి, ఇట్లా ఇస్తే పిల్లోల్లే ఎగబడి రాస్తారు. ఒకటే అక్షరం పేజీలకు పేజీలు రాయిస్తే చెయ్యి నొప్పి తప్ప ఏమొస్తుంది?

పెన్నా_గట్టు
అట్లా ఇవ్వడం మంచిదే. నా పిల్లలతో నేను ఊర్లో వానలెక్క రాయించేవాణ్ణి. నిలబెట్టడం గురించి కూడా మీరన్నది నిజమే, అంత చిన్నపిల్లోణ్ణి బయట పెట్టకూడదు. లోపల కూర్చోబెట్టి రాయించుకోవాల.

ఉగ్గాని_బజ్జి
వంటల పేర్లు రాయమంటే మా పాప నువ్వులేసిన సద్దరొట్టె నుంచి మొదలుపెట్టి అత్తిరసాల దాకా నోట్సు నింపుతుంది. ఇంకో నోట్సు కొనియ్యాల.

నర్సక్క
కడుపునొప్పి మాట కొట్టిపారేయొద్దు. నేను కడపలో పిల్లల వార్డులో పనిచేస్తా. పండగలైన వారం ఓపీలో ఇట్లాంటి పిల్లోల్లు చానామంది వస్తారు. చానావరకు రోగం ఉండదు, అట్లని నొప్పి అబద్ధమూ కాదు. భయం పుడితే పిల్లోల్లకు ముందు కడుపులోనే తెలుస్తుంది. బడి దినాల్లో పొద్దునపూట మాత్రమే వచ్చి, ఆదివారం రాకుండా, పదకొండుకల్లా తగ్గిపోతాంటే అది భయం పని. జ్వరం, వాంతులు, విరేచనంలో రక్తం, రాత్రి నిద్రలోంచి నొప్పితో లేవడం, బరువు తగ్గడం, బొడ్డు దగ్గర కాకుండా ఒక పక్కనే నొప్పి, వీటిలో ఏ ఒక్కటున్నా ఆగకుండా డాక్టరుకు చూపించండి. ఇంకోటి, పండగ వారమంతా నూనె వంటలు తిని నీళ్లు తక్కువ తాగింటారు, దొడ్డికి సరిగ్గా పోయిండరు. మలబద్ధకం వల్లా నొప్పి వస్తుంది. అరటిపండు, జామకాయ, ఆకుకూర పప్పు పెట్టండి. పొద్దున ఐదు నిమిషాలు మరుగుదొడ్డిలో కూర్చునే టైము ఇవ్వండి. ఆటో వస్తాందని తోలితే అది కూడా మానేస్తారు.

సుంకేసుల_గాలి
నర్సక్కా, ఆదివారం నొప్పి లేదు. బళ్లోకి పోయినాక కూడా ఏమీ అనలేదంట. కొంచెం ధైర్యమొచ్చింది. టీచరుతో మాట్లాడాలని ఉంది గానీ, మాట్లాడితే వాన్ని ఇంకా ఎక్కువ చూస్తారేమోనని మావారు వద్దంటున్నారు.

ఏడురోడ్లు
మాట్లాడాల్సిందే. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. అందరి ముందూ అడిగితే ఏ టీచరైనా తన మాట మీదే నిలబడుతుంది. సాయంత్రం బడి విడిచినాక ఒక్కదానివే పోయి, పిల్లోడు పక్కన లేకుండా, "రాత్రుల్లు కలవరిస్తాన్నాడు మేడమ్, ఏం చేద్దాం" అని అడుగక్కా.

దర్గా_వీధి
మా పిల్లలది మిషన్ బడి. క్రిస్మస్‌కు సెలవులు ఎక్కువ, సంక్రాంతికి తక్కువ. డిసెంబరు చివర ఒకసారి అలవాటు తప్పుతుంది, దారిలో పడేలోపల మళ్లీ జనవరిలో తప్పుతుంది. క్రిస్మస్ సెలవులకు నానీ వాళ్లింటికి రాయచోటి పోతారు. అక్కడి నుంచి ఒకరోజు ముందే తీసుకొస్తాం. ఆ ఒక్కరోజు బ్యాగు సర్దుకోవడం, పెన్సిళ్లు చెక్కుకోవడం, యూనిఫాం సరిపోతుందో లేదో చూసుకోవడం, పక్కింటి క్లాసు పిల్లోన్ని కలవడం. రాత్రి ఊరి నుంచి దిగి పొద్దున్నే బడికి పంపితే పెద్దోల్లకే కష్టం, పిల్లలు ఎట్ల తట్టుకుంటారు?

జొన్నరొట్టె
యూనిఫాం మాట నిజం. మా చిన్నోనికి షూ బిగుతైనాయి. అది చెప్పడం రాక బడికి పోనని ఏడ్చినాడు ఒక ఏడాది.

కోసిగి_అయ్యోరు · బుధవారం సాయంత్రం
మొదట్నుంచీ ఈ చర్చ చదువుతాన్నా. నా క్లాసు సంగతి కూడా చెప్పాలనిపించింది. కోసిగి మండలంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల, మూడు నాలుగు తరగతులు నావి. పండగకు ముందు క్లాసు నిండా ఉండేటోల్లు. బడి తెరిచి హాజరు పిలిస్తే పేరు తర్వాత పేరు పలికేటోల్లు లేరు. నిద్ర లేయక కాదు. సుగ్గికి, అంటే వేరే ఊర్లకు కూలి వలస, పోయినారు.

గుంటూరు, పల్నాడు పక్క మిరపకాయ కోతలు మొదలైనాయి. మా పక్క వానమీద పండే ఒక్క పంటే, పత్తో వేరుశెనగో. అది అయిపోతే ఊర్లో కూలి ఉండదు. కొందరు దసరా అప్పుడే పత్తి తీయడానికి పోయి పండక్కి తిరిగొస్తారు. కనుమ దాటితే మల్ల మూటలు కట్టుకుని బొలేరోలు, లారీలు ఎక్కుతారు. ఇండ్లకు తాళాలు పడతాయి. ఉగాదికి కొందరొస్తారు, కొందరు అప్పటికీ రారు. పిల్లోల్లను ఎందుకు తీసుకపోతారంటే చూసుకునేటోల్లు లేక. పెద్దపాప గట్టు మీద చంటోన్ని ఎత్తుకుని కూర్చోవాల. ఇంకొంచెం పెద్దదైతే అదే కాయలు కోస్తాది. ఎంత కోస్తే అంత కూలి ఇచ్చే కాడ ఇంకో రెండు చేతులంటే ఇంటికి లెక్కే.

నా నాలుగో తరగతిలో ఒక పాప ఉంది. డిసెంబర్లో భాగహారం పట్టుకునింది, బోర్డు మీద చేసి అందరికీ చూపించేది. పోయేముందు వచ్చి "సార్, నా నోట్సు మీ కాడ పెట్టుకోండి, ఆడ తడుస్తాది" అని ఇచ్చి పోయింది. ఆ నోట్సు నా టేబుల్ సొరుగులో ఉంది. వేసవి సెలవుల ముందు తిరిగొచ్చేసరికి ఆ భాగహారం ఎంత మిగిలింటాదో నాకు తెలుసు. ప్రాథమిక బడికి ఏడాదికి 200 పనిదినాలు ఉండాలని చట్టంలో ఉంది. ఆ పాపకు అందులో సగమైనా అందితే గొప్ప.

ఏడురోడ్లు
సారూ, మీరు చెప్పింది చదివి మనసు పాడైంది. కానీ ఆ తల్లి అడిగినది చిన్న విషయమని మాత్రం అనుకోవద్దు. ఎవరి బిడ్డ ఏడుపు వాళ్లకు పెద్దదే.

కోసిగి_అయ్యోరు
చిన్నదని నేను అనలేదన్నా. ఆ అక్క రాసిన "క్లాసు బయట నిలబెట్టినారంట" అనే మాట చూసే రాసినా. సుగ్గి నుంచి వచ్చిన పిల్లోన్ని మొదటి రోజే "ఇన్నాళ్లు యాడికి పోయినావురా" అని నిలబెడితే రెండో రోజు వాడు బడికి రాడు, గొర్లెంట పోతాడు. అందుకే మా బళ్లో మొదటి వారం పరీక్షా పెట్టం, నోట్సులూ అడగం. కతలు చెప్పించుకుంటాం, బొమ్మలు గీయిస్తాం, ఆటలు ఆడిస్తాం, ఆ సందులో ఎవరికి ఏం గుర్తుందో ఏం పోయిందో చూసుకుంటాం. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం గుడ్డు ఉన్న రోజు ఎవరూ ఎగ్గొట్టరు, అదీ నిజమే. ఎన్నాళ్ల తర్వాత వచ్చినా మొదటి రోజు ఎట్లా పిలుచుకున్నారనేదే మిగతాదంతా తేలుస్తుంది. కర్నూలు ప్రైవేటు బడైనా కోసిగి బడైనా.

హంద్రీ_వాడు
కోసిగి అయ్యోరు రాసింది చదివి ఆఫీసులో అట్లే కూర్చుండిపోయినా. నేను సుగ్గి ఇంటి పిల్లోన్నే. దేవనకొండ పక్క మాది. ఇప్పుడు బెంగళూరులో పనిచేస్తాన్నా.

నన్ను తీసుకపోలేదు. మా అమ్మానాయన పోతా పోతా అవ్వ కాడ వదిలిపెట్టినారు. పండగ అయిన మర్నాడు మొబ్బున లేసి చూస్తే ఇంట్లో ఎవురూ లేరు. చెప్పి పోతే ఏడుస్తానని చెప్పకుండా పోయినారు. బడికి పోయినా, పలక ముందర పెట్టుకుని వాకిలి కల్లే చూస్తా కూర్చునేటోన్ని. మా అయ్యోరు ఏమీ అడగలేదు. మర్నాడు నన్ను పిలిచి, ఇంగ గంట కొట్టే పని నీది అన్నాడు. మాకు గంటంటే వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క. దాన్ని కొట్టాలంటే అందరికన్నా ముందు పోవాల. అవ్వ లేపకముందే లేసి పోయేటోన్ని. గంట నాది కాబట్టి నేను పోకుంటే బడి మొదలుకాదు అనుకునేటోన్ని.

సుంకేసుల అక్కా, మీ టీచరమ్మను ఒక పని ఇమ్మని అడుగు. చాక్‌పీసులు తెచ్చేది, నోట్సులు పంచేది, ఏదైనా సరే. ఇంకొకటి ఊరికి పోయే అమ్మానాయనలకు. చెప్పకుండా మాత్రం పోవద్దు. ఏడిస్తే ఏడుస్తాడు. చెప్పి పోండి.

జొన్నరొట్టె
గేటు కాడ కూడా అంతే. పెన్నా గట్టు సార్ వెనక్కి చూడకుండా రమ్మన్నారు, సరే. కానీ పిల్లోడు అటు తిరిగినప్పుడు మాయమై రావొద్దు. సాయంత్రం ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో చెప్పి రావాల.

పెన్నా_గట్టు
ఒక్క మాట చెప్పి రమ్మనే రాసినానమ్మా. ఆ మాట ఏందో మీరు చెప్పినారు, బాగుంది.

పత్తికొండ_టమాటా
అయ్యోరూ, ఒక సాయం కావాల. మా పక్కింటోల్లు వచ్చే వారం పిడుగురాళ్ల పక్కకు పోతాన్నారు. ఇద్దరు పిల్లోల్లు, పాప రెండో తరగతి, పిల్లోడు ఐదో తరగతి. అవ్వ ఉంది గానీ కండ్లు సరిగ్గా కనపడవు, వండి పెట్టలేదు. ఇద్దరినీ తీసుకపోతామంటాన్నారు. ఏమైనా దారుందా?

కోసిగి_అయ్యోరు
ఉంది. వలస పోయేటోల్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే సర్కారు బడి పథకం కింద సీజనల్ హాస్టళ్లు ఉంటాయి. పిల్లోడు ఊరు విడవకుండా అదే బళ్లో చదువుకోవచ్చు, తిండి వాళ్లే పెడతారు, చూసుకునే మనిషి ఉంటారు. ఏ ఊరికి మంజూరైందో మీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. మీ పక్క బళ్లను చూసుకునే సీఆర్‌పీకి ఫోన్ చేసినా చెప్తారు. వాళ్లు బండెక్కకముందే పోండి, పేర్లు ముందే రాసుకోవాల.

పాపను తీసుకపోక తప్పదంటే, అక్కడ కూలికి పోయే ఊరి ప్రభుత్వ బళ్లో కూర్చోబెట్టమని గట్టిగా చెప్పండి. టీసీ లేదని చేర్చుకోకపోవడానికి వీల్లేదు, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో రాసే ఉంది. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదు. ఇక్కడి హెడ్మాస్టరుతో పాప పేరు, తరగతి, పెన్ నంబరు (బళ్లో ప్రతి పిల్లోనికీ ఇచ్చే శాశ్వత నంబరు) రాయించి ఒక కాగితం తీసుకోండి. అది ఉంటే వాళ్లకు పని సులువు.

తాడిపత్రి_తల్లి
ఈ పోస్టును పైన పెట్టండి ఎవరైనా. ప్రతి జనవరీ పనికొస్తుంది.

ఉగ్గాని_బజ్జి
పెట్టించినా. అయ్యోరూ, మీ బడికి నోట్సులు, రంగు పెన్సిళ్లు పంపొచ్చా? మా కాలనీ పిల్లోల్ల దగ్గర కొత్తవే మిగిలినాయి.

కోసిగి_అయ్యోరు
పంపండి. బొమ్మల పుస్తకాలుంటే ఇంకా మేలు. మా పిల్లోల్లకు ఇంట్లో కన్నడ, బళ్లో తెలుగు. బొమ్మ ఉంటే రెండిట్లోనూ కత చెప్తారు.

సుంకేసుల_గాలి · శుక్రవారం రాత్రి
నిన్న సాయంత్రం పోయి టీచరమ్మతో మాట్లాడినా, ఒక్కదాన్నే. చిన్నామె, ఈ ఏడాదే చేరింది. మేనేజ్‌మెంటు హోంవర్కు లెక్క అడుగుతుందని ఆమె భయం ఆమెది. నిలబెట్టనని చెప్పింది, మిగిలింది రోజుకు ఒక పేజీ క్లాసులోనే రాయిస్తానంది. హంద్రీ తమ్ముడు చెప్పినట్ల పని ఇమ్మని అడిగితే, జెండా పండక్కి పాడే పిల్లోల్లలో వాన్ని వేసుకునింది. ఈపొద్దు లేపితే లేసినాడు. ఆటోలో కొంచెం ముఖం వేలాడదీసినాడు గానీ ఏడవలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు పండుకున్నాడు, ఇంకో అరగంట జరపాల.

నర్సక్క
తొమ్మిదిన్నర అంటే చానా నయం. శని ఆదివారాల్లో మాత్రం మళ్లీ తొమ్మిది దాకా పడుకోనీయొద్దు, సోమవారం మొదటికొస్తుంది.

పత్తికొండ_టమాటా · ఆదివారం
ఎంఈఓ ఆఫీసుకు నేనే తీసుకపోయినా. పిల్లోనికి హాస్టల్లో పేరు రాసుకున్నారు. పాప వాళ్లమ్మతో పోతాంది, చంటోడు ఉన్నాడు కాబట్టి వినలేదు. హెడ్మాస్టరు సారుతో కాగితం రాయించి, ఆధార్ జిరాక్సు జతచేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి వాళ్లమ్మ చేతికిచ్చినా. చేర్చుకున్నారో లేదో ఫోన్ చేసి కనుక్కుంటా.

కోసిగి_అయ్యోరు
చేర్చుకోకపోతే ఊరి పేరు నాకు మెసేజ్ పెట్టండి. ఆ మండలంలో పనిచేసే సార్లు తెలుసు, నేను మాట్లాడతా.